దూత ముందు నడుస్తాడు, అమ్మాయిని మాత్రం అడగాల్సిందే

పెళ్ళిళ్ళు స్వర్గంలో నిశ్చయమవుతాయన్న మాట వింటూ పెరిగినవాళ్ళం. ఈమధ్య దానికి ఇంకో మాట జతపడింది. ఆ నిశ్చయాన్ని నడిపించే దేవదూతలు ఉన్నారట, వాళ్ళ పేర్లు యూదుల ప్రాచీన గ్రంథాల్లో ఉన్నాయట, కొవ్వొత్తి వెలిగించి ఆ పేరు పిలిస్తే కోరుకున్న మనిషి మనసు మనవైపు తిరుగుతుందట. ఇంటర్నెట్‌లో ఇలాంటి సలహాలు తరచు కనిపిస్తున్నాయి. చదివిన ప్రతిసారీ అభ్యంతరం చెప్పాలనిపిస్తుంది. ఆ గ్రంథాల్లో దూతలు లేరని కాదు నా అభ్యంతరం. ఉన్నారు, ప్రేమ, పెళ్ళి ఊసున్న చాలా చోట్ల ఉన్నారు. అయితే అక్కడ వాళ్ళు చేసే పని వేరు.

నాకు అర్థమైనంతలో ఆ పని ఇది: దూత దారి చూపిస్తాడు, అడ్డు తొలగిస్తాడు, పెళ్ళిలో తోడు నిలబడతాడు, ఆలుమగల మధ్య మాట కలుపుతాడు. వధువు ఒప్పుకోవాల్సిన చోటికి వచ్చేసరికి పక్కకు తప్పుకుంటాడు. దీనికి ఎదురు నిలిచే ఆధారాలు కూడా ఉన్నాయి. వాటినీ ముందు పెడతాను.

బావి దగ్గర

బైబిల్లోని ఆదికాండం 24వ అధ్యాయం తెలుగు క్రైస్తవ పెళ్ళిళ్ళలో తరచు వినపడేదే కనుక కథ మళ్ళీ చెప్పను. తన కొడుకు ఇస్సాకుకు పిల్లను చూసి రమ్మని సేవకుణ్ణి పంపుతూ అబ్రాహాము 7వ వచనంలో, దేవుడు తన దూతను నీకు ముందుగా పంపుతాడని ధైర్యం చెబుతాడు. దూతల గురించి రాసేవాళ్ళు చాలామంది అక్కడే ఆగిపోతారు. అసలు సంగతి 8వ వచనంలో ఉంది. ఆ అమ్మాయి నీ వెంట రావడానికి ఇష్టపడకపోతే ఈ ప్రమాణం నుంచి నువ్వు విడుదలైనట్టే అంటాడు. దూత వెళ్తున్నాడని చెప్పిన నోటితోనే, ఆ వెంటనే, అమ్మాయి కాదనవచ్చని కూడా చెప్పాడు. దూత ఉన్నాడు కాబట్టి పని జరిగి తీరుతుందని అబ్రాహామే అనుకోలేదు.

ఆ తర్వాత అధ్యాయం పొడుగునా దూత ఒక్కసారి కూడా కనిపించడు, ఒక్క మాటా మాట్లాడడు. కనిపించేదంతా మనుషుల కష్టం. ఆడవాళ్ళు నీళ్ళకు వచ్చే సాయంత్రం వేళ, ఊరి బయట బావి దగ్గర, సేవకుడు పది ఒంటెల్ని కూర్చోబెడతాడు. నాకు నీళ్ళిమ్మని అడిగితే నీ ఒంటెలకు కూడా పోస్తానన్న పిల్లే ఇస్సాకుకు తగిన పిల్ల అని గుర్తు పెట్టుకుంటాడు. ఇది మామూలు పరీక్ష కాదు. బాగా దప్పిగొన్న ఒంటె ఒక్కసారి 100 లీటర్ల దాకా తాగగలదు. అందులో సగమే అనుకున్నా పదింటికీ కలిపి 500 లీటర్లు. కడవకు 10 లీటర్లు పడితే 50 సార్లు దిగి ఎక్కాలి. రిబ్కా అనే అమ్మాయి ఆ పనిని పరుగెత్తుతూ చేసిందని అధ్యాయం చెబుతోంది.

రిబ్కాను చూసి బావినీళ్ళే పైకి ఎగసి వచ్చాయని ఒక మిద్రష్, అంటే యూదు గురువులైన రబ్బీల పాత వ్యాఖ్యానం, ఉంది. అద్భుతం కావాలనుకునేవాళ్ళకు అది ఆసరా. అయితే 13వ శతాబ్దపు వ్యాఖ్యాత రాంబాన్ ఒక చిన్న సంగతి పట్టుకున్నాడు. మొదటిసారి ఆమె కడవ నింపుకుందని మాత్రమే ఉంది, ఒంటెల దగ్గరికి వచ్చేసరికి నీళ్ళు తోడిందని ఉంది. కాబట్టి అద్భుతం మొదటి కడవ వరకే, మిగతాదంతా ఆమె చేతి కష్టమే. నాకు ఈ వ్యాఖ్య చాలా ఇష్టం. ఆమె ఎలాంటి మనిషో తెలిసేది ఆ మిగతా కడవల దగ్గరే కదా.

తర్వాత అర షెకెలు ఎత్తు బంగారపు ముక్కుపోగు, పది షెకెళ్ళ ఎత్తు కడియాల జత. షెకెలు దాదాపు 11 గ్రాములు, అంటే కడియాలే 110 గ్రాముల పైచిలుకు. ఇక్కడ సేవకుడు ఒక తొందరపాటు చేశాడు. ముందు నగలు తీసి, ఆ తర్వాత నువ్వు ఎవరి అమ్మాయివని అడిగాడు. ఇంటికి వెళ్ళి పెద్దల ముందు చెప్పేటప్పుడు మాత్రం ముందు అడిగాను, తర్వాత పెట్టాను అన్నాడు. ఎవరో తెలియకుండానే నగలెలా పెట్టావని వాళ్ళు తప్పు పట్టకుండా అలా మార్చి చెప్పాడని ఇంకో మధ్యయుగపు వ్యాఖ్యాత రాషీ వివరిస్తాడు. పిల్లను అడగడానికి వెళ్ళిన పెద్దమనిషి ప్రతి మాటా ఎంత చూసుకుని మాట్లాడాలో ఆ ఒక్క మార్పులో ఉంది. దూత వెంట ఉన్నా ఆ జాగ్రత్త అతనికి తప్పలేదు.

మరి దూత ఏం చేశాడు? మిద్రష్ ప్రకారం దూతలు ఇద్దరు. ఒకరు ఆ వేళకు రిబ్కాను ఇంట్లోంచి బయటికి తీసుకురావడానికి, ఇంకొకరు సేవకుడికి తోడుగా. రాషీ మరో భయంకరమైన మాట చేరుస్తాడు. రాత్రికి ఉన్న తండ్రి బెతూయేలు తెల్లవారేసరికి మాటల్లో లేడు, అన్న, తల్లి మాత్రమే మాట్లాడుతున్నారు. ఎందుకంటే బెతూయేలు ఈ సంబంధాన్ని ఆపాలనుకున్నాడు, దూత వచ్చి అతన్ని చంపేశాడు. దూతకు అంత శక్తి ఉంది, అడ్డుపడిన తండ్రినే తీసేయగలడు. అయినా ఆ వెంటనే ఇంటివాళ్ళు అనేది, పిల్లను పిలిచి ఆమెనే అడుగుదాం అని. ఆమె వెళ్తానంటుంది. అమ్మాయి ఇష్టం తెలుసుకోకుండా పెళ్ళి చేయకూడదని ఇక్కడినుంచే నేర్చుకుంటామని రాషీ రాశాడు. తండ్రి మీద పనిచేసిన శక్తి కూతురి నోట మాట పలికించడానికి వాడలేదు. నా వాదనంతా ఈ రెండు వచనాల మధ్య ఉంది.

ఆచరణ ఎప్పుడూ ఇంత శుభ్రంగా లేదు. కూతురు పెరిగి ఫలానావాడు నాకు ఇష్టమని చెప్పేదాకా తండ్రి ఆమెను ప్రధానం చేయకూడదని రబ్బీల ధర్మచర్చల గ్రంథమైన తాల్మూద్‌లో ఉంది. మధ్యయుగపు యూరప్‌లో యూదులు చిన్నపిల్లలకు కూడా పెళ్ళిళ్ళు చేశారు. రోజురోజుకూ పరాయి పాలన ఒత్తిడి పెరుగుతోంది, ఇవాళ కట్నం ఇవ్వగలిగినవాడు రేపు ఇవ్వలేకపోవచ్చు అని తోసఫోత్ అనే తాల్మూద్ వ్యాఖ్యానం రాసినవాళ్ళు అందుకు కారణం చెప్పారు. వాళ్ళ భయం అర్థమవుతుంది. రిబ్కాను అడిగిన ప్రశ్న ఆ పిల్లలను ఎవరూ అడగలేదన్నదీ నిజమే.

రోజుకు ఒక ద్రాక్మా కూలి

పెళ్ళి జరిపించిన దూత అనగానే గుర్తొచ్చేది రఫాయేలు. తోబీతు గ్రంథం తెలుగు కథోలికుల బైబిల్లో ఉంది, ప్రొటెస్టంట్ల బైబిల్లో లేదు. యూదుల బైబిల్లోనూ లేదు. కానీ రాసింది యూదులే. మృత సముద్రం దగ్గరి కుమ్రాన్ 4వ గుహలో దీని ప్రతుల తునకలు అరమాయిక్‌లో నాలుగు, హీబ్రూలో ఒకటి దొరికాయి. యూదు సంప్రదాయం చివరికి దీన్ని పక్కన పెట్టింది, అయినా ఆనాటి యూదులు దూతను ఎలా ఊహించుకున్నారో చెప్పడానికి ఇంతకన్న మంచి సాక్ష్యం లేదు.

రఫాయేలు తన పేరు అజర్యా అని చెప్పుకుని, కుర్రవాడైన తోబియాకు దారి తోడుగా కూలికి కుదురుతాడు. కూలి రోజుకు ఒక ద్రాక్మా, దారి ఖర్చులు అదనం. దారిలో టైగ్రిస్ నదిలో పట్టిన చేప గుండె, కాలేయం, పైత్యం దాచిపెట్టమంటాడు. ఎక్బతానాలో సారా అనే అమ్మాయి ఉంది. ఆమెను చేసుకున్న ఏడుగురు వరుసగా మొదటి రాత్రే చనిపోయారు, వాళ్ళను చంపింది అస్మొదేయు అనే దయ్యం. ధూపపు నిప్పుల మీద చేప గుండె, కాలేయం వేస్తే ఆ వాసనకు దయ్యం ఎగువ ఈజిప్టుకు పారిపోతుంది, దూత వెంటపడి అక్కడ కట్టేస్తాడు.

పని ఎలా పంచుకున్నారో చూడండి. దయ్యాన్ని కట్టింది దూత. నిప్పుల మీద చేప ముక్కలు వేసింది తోబియా. పెళ్ళి ఒప్పంద పత్రం రాసింది సారా తండ్రి రగుయేలు. పడకగదిలో లేచి నిలబడి ప్రార్థించింది ఆలుమగలు. అల్లుడు బతకడేమోనని రాత్రికి రాత్రే గొయ్యి తవ్వించి, బతికాడని తెలిశాక పూడ్పించిందీ రగుయేలే. 14 రోజుల పెళ్ళి విందు జరుగుతుంటే రఫాయేలు ఏం చేస్తున్నాడంటే, నలుగురు సేవకుల్ని, రెండు ఒంటెల్ని తీసుకుని రాగెసు అనే దూరపు ఊరికి తోబియా తండ్రి దాచిన సొమ్ము తేవడానికి వెళ్ళాడు. పెళ్ళింట్లో పెళ్ళికొడుకు తీరిక చేసుకోలేని పనిని దూత చూసిపెట్టాడు.

ఇక్కడే నా వాదనకు ఒక చిక్కు ఉంది. ఈ కథలో సారాను ఎవరూ అడగలేదు. రఫాయేలే తోబియాకు నచ్చజెప్పాడు, ఆమె లోకం పుట్టకముందే నీకోసం నిర్ణయమైందని కూడా అన్నాడు. తండ్రి ఆమె చెయ్యి పట్టుకుని అప్పగించాడు. దీన్ని తేలిగ్గా కొట్టిపారేయలేను. నాకు దొరికిన సమాధానం 3వ అధ్యాయంలో ఉంది. చావు కోరుకునేదాకా వెళ్ళిన సారా కిటికీ దగ్గర నిలబడి ప్రార్థించింది, ఆ ప్రార్థన విన్నాకే రఫాయేలును పంపారు. కథ మొదలైందే ఆమె మొరతో. అది పెళ్ళికి ఒప్పుకోవడం కాదని ఎవరైనా అంటే కాదనను.

మనసు తిప్పే మందు

ఇక కొవ్వొత్తి సలహాలకు ముత్తాతల్లాంటి ఆధారాలు. ఇజ్రాయెల్ దక్షిణాన హోర్వత్ రిమ్మోన్ తవ్వకాల్లో ఒక మట్టి పెంకు ముక్కలు దొరికాయి, 5, 6 శతాబ్దాల నాటివి. తడి మట్టి మీద అరమాయిక్‌లో దూతల పేర్లు గీసి, నిప్పులో వేశారు. ఈ పెంకు కాలినట్టే ఫలానా మనిషి గుండె నాకోసం కాలాలి అన్నది అందులోని కోరిక. కైరో గెనీజా, అంటే అక్కడి యూదుల ప్రార్థనా మందిరంలో దాచిన పాత కాగితాల నుంచి కూర్చి 1966లో ముద్రించిన సెఫెర్ హా రజీమ్ అనే మంత్రాల పుస్తకంలో కూడా ఇలాంటివి ఉన్నాయి. రెండు రాగి రేకుల మీద దూతల పేర్లు, మగవాడి పేరు, ఆడమనిషి పేరు రాసే విధానం అందులో ఒకటి. వీటిని రాసినవాళ్ళు యూదులే, భక్తులే. కాబట్టి ఇదంతా యూదులది కాదని తోసిపుచ్చడం అబద్ధమవుతుంది.

అయినా ఇది పెడదారే అంటాను. ఆపద వస్తే మిఖాయేలును పిలవవద్దు, గబ్రియేలును పిలవవద్దు, నన్నే పిలువు అని దేవుడు అన్నట్టు యెరూషలేము తాల్మూద్‌లో ఉంది. ఆ లెక్కన పిలవడమే తప్పు. ఇక ఏం కోరి పిలుస్తున్నామన్నది మరీ తప్పు. బావి దగ్గర దూత రిబ్కాను బయటికి తెచ్చాడు, మాట ఆమెకే వదిలాడు. పెంకు మీద పేరు గీసినవాడు ఆ మాటనే దొంగిలించాలనుకున్నాడు.

నాకు అన్నిటికన్నా ఇబ్బంది పెట్టేది ఆదికాండం 38వ అధ్యాయంలోని యూదా, అతని కోడలు తామారుల కథ మీది మిద్రష్. దారి పక్కన ముసుగు వేసుకుని కూర్చున్న తామారును దాటి యూదా వెళ్ళిపోబోతుంటే, దేవుడు కామం మీద నియమించిన దూతను పంపాడట. ఎక్కడికి పోతున్నావు, రాజులు ఎక్కడినుంచి పుడతారు అని ఆ దూత అడ్డగించాడట. యూదా తన ఇష్టం లేకుండానే ఆమె వైపు తిరిగాడని రబ్బీ యోహానాన్ స్పష్టంగా అన్నాడు. ఇది బలవంతమే. 12వ శతాబ్దంలో యూదు తత్వవేత్త మైమోనిడీస్ దీన్ని చదివి, దూత అంటే మనిషి ఒంట్లో ఉన్న ఆ కోరికే, దేవుడు పెట్టిన ప్రకృతి శక్తే అని తేల్చాడు. ఆ వివరణ ఒప్పుకోకపోయినా ఒకటి గమనించాలి. దూత కలిపింది ఒక్కసారే. తర్వాత యూదా ఆమెను మళ్ళీ కూడలేదని అదే అధ్యాయం చెబుతోంది. దూత బలవంతాన వంశం నిలబడింది, కాపురం మాత్రం కుదరలేదు.

లిలిత్ కథ ఇంకా సూటిగా ఉంటుంది. బెన్ సీరా అక్షరమాల అనే మధ్యయుగపు రచనలో, ఆదాముతో పడక వదిలిపోయిన మొదటి భార్య లిలిత్‌ను వెనక్కి తేవడానికి దేవుడు ముగ్గురు దూతల్ని పంపుతాడు: సెనోయ్, సన్‌సెనోయ్, సెమంగెలోఫ్. సముద్రం మధ్యలో ఆమె దొరికింది. ముంచేస్తామని బెదిరించారు. ఆమె రానంది. చివరికి వాళ్ళు సాధించింది, తమ పేర్లు రాసిన తాయెత్తు ఉన్న పసిబిడ్డ జోలికి రానన్న మాట ఒక్కటే. అందుకే ఆ పేర్లు తరతరాలుగా బాలింత గదుల్లో కనిపించాయి. విడిపోయిన జంటను కలిపే పేర్లుగా అవి నిలవకపోవడంలో ఆశ్చర్యం లేదు.

పందిరి కింద

పెళ్ళి తంతులో దూతలకు చోటు ఎంత? ఆదాము, హవ్వల పెళ్ళిలో మిఖాయేలు, గబ్రియేలు తోడిపెళ్ళికొడుకులుగా నిలబడ్డారని మిద్రష్ చెబుతుంది, దూతలు వాయిద్యాలు వాయించారని ఇంకో గ్రంథం. అంతవరకే. శాస్త్రం దగ్గరికి వస్తే దూత ఊసే లేదు. వధువు చేతికి వరుడు విలువైన వస్తువు ఇవ్వాలి, కనీసం పెరుతా అనే అతి చిన్న నాణెం అంత విలువ చాలు. సాధారణంగా రాయి పొదగని ఉంగరం ఇస్తారు. రాయి ఉంటే దాని విలువను వధువు ఎక్కువగా అంచనా వేసి ఒప్పుకోవచ్చు, అప్పుడు ఒప్పుకోలే అనుమానంలో పడుతుంది. ఉంగరం వరుడి సొంతమై ఉండాలి. తల్లి ఉంగరం వాడదలిస్తే ముందు ఆమె దాన్ని అతనికి నిజంగా ఇచ్చేయాలి. సాక్షులు ఇద్దరు, వాళ్ళకూ జంటకూ, వాళ్ళలో వాళ్ళకూ చుట్టరికం ఉండకూడదు. చుట్టూ నిలబడ్డ మేనమామలు కూడా సాక్షుల లెక్కలోకి వచ్చి సాక్ష్యం చెడిపోకుండా, వీళ్ళిద్దరే సాక్షులని రబ్బీ ముందే ప్రకటిస్తాడు. కెతుబా అనే పెళ్ళి ఒప్పంద పత్రంలో కన్యకు 200 జూజ్‌లు (పాతకాలపు వెండి నాణేలు) రాస్తారు. పదిమంది మగవాళ్ళ సమక్షంలో చదివే ఏడు ఆశీర్వచనాల్లో ఏదెను తోట ఉంది, యెరూషలేము వీధులున్నాయి, దూత మాత్రం లేడు.

పెళ్ళయ్యాకే దూతల అసలు పని మొదలవుతుందని నాకనిపిస్తుంది. అబ్రాహాము గుడారానికి ముగ్గురు అతిథులు వచ్చి, నీ భార్య సారా ఎక్కడ అని అడుగుతారు. ఆమె గుడారంలో ఉందని దూతలకు తెలియదా అని తాల్మూద్ ప్రశ్నించి, భర్తకు ఆమె మీద ప్రేమ పెంచడానికే అడిగారంటుంది. అప్పటికి అతనికి దాదాపు నూరేళ్ళు, ఆమెకు తొంభై. అన్నేళ్ళ కాపురంలో పక్కన ఉన్న మనిషిని చూడటం మానేస్తాం. బయటివాళ్ళు వచ్చి ఆమె ఎక్కడని అడిగితే తల తిప్పి చూస్తాం. దూత చేసిందల్లా ఆ ఒక్క ప్రశ్న అడగడం. అదే చోట ఇంకోటి ఉంది: నా భర్త ముసలివాడని సారా మనసులో అనుకున్న మాటను అబ్రాహాముకు చెప్పేటప్పుడు దేవుడే మార్చి, నేను ముసలిదాన్నని ఆమె అన్నట్టు చెప్పాడు. ఇంట్లో శాంతి కోసం ఆ మార్పు చేయవచ్చని రబ్బీలు అక్కడినుంచే నేర్చుకున్నారు.

శుక్రవారం రాత్రి ప్రార్థన ముగించుకుని ఇంటికి వచ్చే మనిషి వెంట ఇద్దరు దూతలు వస్తారని తాల్మూద్‌లో ఉంది, ఒకరు మంచి, ఒకరు చెడు. దీపం వెలిగి, బల్ల సిద్ధంగా, పడక పరిచి ఉంటే, వచ్చే సబ్బాతుకూ ఇలాగే ఉండాలని మంచి దూత అంటాడు, చెడ్డ దూత ఇష్టం లేకపోయినా ఆమేన్ అనాలి. ఇల్లు అస్తవ్యస్తంగా ఉంటే ఆ మాట చెడ్డ దూత అంటాడు, మంచి దూత ఆమేన్ అనాలి. ఆ దూతలు బల్ల సర్దరు, దీపం వెలిగించరు. ఇంట్లోవాళ్ళు ఆ వారం ఏం చేసి పెట్టుకున్నారో దానికే ఆమేన్ చెబుతారు. ఆ పూట షాలోమ్ అలేఖెమ్ అని దూతలకు స్వాగతం పాడి, వెంటనే సామెతలు 31వ అధ్యాయంలోని 22 వచనాలు ఇల్లాలి కోసం పాడటం చాలా ఇళ్ళలో ఆనవాయితీ. అతిథుల పలకరింపు అయ్యాక మాట ఆమె వైపే తిరుగుతుంది.

ముందే రాసి ఉంటే

పిండం ఏర్పడడానికి నలభై రోజుల ముందే ఫలానావాళ్ళ అమ్మాయి ఫలానావాడికి అని ఆకాశవాణి ప్రకటిస్తుందన్న మాట మరి? ఇది సోటా అనే తాల్మూద్ భాగంలో ఉంది. చాలాచోట్ల దీన్ని దూత ప్రకటనగా చెబుతుంటారు, అది పొరపాటు, పలికేది దివ్యస్వరం. గర్భం మీద నియమితుడైన లైలా అనే దూత వేరే ఉన్నాడు. పుట్టబోయేవాడు బలవంతుడా, బలహీనుడా, తెలివైనవాడా, ధనవంతుడా అని అతను దేవుణ్ణి అడుగుతాడు. మంచివాడా చెడ్డవాడా అని అడగడు, అది మనిషి చేతిలో ఉంచారు.

ఆ స్వరాన్ని నమ్మేవాళ్ళు చేతులు ముడుచుకుని కూర్చోరు. సంప్రదాయ యూదుల ఇళ్ళలో ఈనాటికీ పెళ్ళిళ్ళ పేరయ్యలున్నారు, సంబంధం కుదిరితే వాళ్ళ రుసుము ఇచ్చి తీరాలి. 1983లో న్యూయార్క్‌లో రబ్బీ యోసెఫ్ ఎక్‌స్టీన్ దోర్ యెషోరిమ్ అనే సంస్థ పెట్టాడు. టే-శాక్స్ అనే వంశపారంపర్య జబ్బు ఆయన పిల్లల్ని నలుగురిని బలిగొంది. ఇద్దరూ ఆ లోపం మోస్తున్నవాళ్ళైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. అందుకని యువతీయువకులు ముందే రక్తం ఇచ్చి, పేరుకు బదులు ఒక నంబరు తీసుకుంటారు. సంబంధం మాటల్లోకి వచ్చినప్పుడు రెండు నంబర్లూ ఇచ్చి అడిగితే కుదురుతుందా లేదా అన్నది చెబుతారు. నలభై రోజుల ముందే నిర్ణయమైందని నమ్మే తల్లిదండ్రులే ఈ ఫోన్ చేస్తారు. ఇందులో నాకు వైరుధ్యం కనిపించదు, అబ్రాహాము 7, 8 వచనాల్లో చేసిందే వాళ్ళూ చేస్తున్నారు.

తాల్మూద్ పండితులకు కూడా ఈ ముడి పూర్తిగా విడిపోలేదు. ఒకడు ఫలానా అమ్మాయే నాకు కావాలని ప్రార్థిస్తుంటే రావా విని వద్దన్నాడు. ఆమె నీకు తగినదైతే నిన్ను దాటి పోదు, కాకపోతే ప్రార్థన ఫలించలేదని దేవుణ్ణే కాదంటావు. తర్వాత అదే మనిషి, ఆమెకన్నా ముందు నేనైనా చావాలి, నాకన్నా ముందు ఆమైనా చావాలి అని మొరపెట్టుకోవడం విన్నాడు. ముందే చెప్పానా వద్దని, అన్నాడు రావా. అదే పుటలో షెమూయేలు తీర్పు ఇంకో దారిలో ఉంది. పండుగ మధ్య రోజుల్లో పెళ్ళి చేసుకోకూడదు, ప్రధానం మాత్రం చేసుకోవచ్చు. కారణం, వేరేవాడు ముందుపడి ఆమెను అడిగేయవచ్చు. రోజూ ఆకాశవాణి పలుకుతుందన్న మాట కూడా షెమూయేలుదే కదా, ఇక తొందరెందుకని అక్కడే ప్రశ్న వచ్చింది. ఆ ఇంకొకడు ప్రార్థనతో దక్కించుకుంటాడేమో అన్నది దానికి వచ్చిన జవాబు. అందుకే పండుగ పూటైనా సరే, వెళ్ళి అడగమన్నాడు షెమూయేలు.